ఆ కిలోమీటరు ఎవరు నడవాలి?

ఒకరు పదకొండేళ్ళు స్కూల్ కాంప్లెక్సు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మాస్టారు. ఇంకొకరు ఊరి ప్రాథమిక పాఠశాల తల్లిదండ్రుల కమిటీకి చైర్మన్‌గా చేసిన తల్లి. చిన్నప్పుడు ఆయన దగ్గరే లెక్కలు నేర్చుకుంది. గణపవరం నుంచి కొల్లేటి దాకా ఏ ఊళ్ళోనైనా వినపడే మాటలే కాబట్టి పేర్లతో పనిలేదు.

మాస్టారు: లెక్కతోనే మొదలుపెడదాం అమ్మాయ్. ఊళ్ళో బడి. పంతొమ్మిది మంది పిల్లలు, అయిదు తరగతులు, ఒక్క టీచరు. ఒకటో తరగతి వాడి చేత అఆలు దిద్దించాలి, అయిదో తరగతి వాడికి భిన్నాలు చెప్పాలి. అదే గదిలో, అదే గంటలో. మధ్యలో హాజరు ఫోనులో ఎక్కించాలి, గుడ్లు లెక్కపెట్టుకోవాలి. మొన్నటిదాకా మరుగుదొడ్డి ఫొటో కూడా తీసి పైకి పంపాల్సి వచ్చేది. ఆ టీచరుకి జ్వరం వస్తే బడికే జ్వరం. కిలోమీటరు దూరంలో హైస్కూలు. అక్కడ లెక్కలకొకరు, ఇంగ్లీషుకొకరు, ఆటలకొకరు. గ్రౌండుంది, ల్యాబుంది. ఈ రెంటినీ కలిపి వాడుకోవద్దంటే అది పిల్లల మీద ప్రేమా, గోడల మీద ప్రేమా?

తల్లి: గోడల మీదే అనుకోండి మాస్టారూ. కానీ ఆ ఒక్క టీచరు మాకు ఎలా మిగిలారో కూడా లెక్కలోకి రావాలి కదండీ. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లుండాలని అందులోనే రాసి ఉంది. కమిటీలోకి వచ్చిన కొత్తలో ట్రైనింగు అని పిలిచి ఆ ముక్క చదివించింది మీరే. మాకు ఇద్దర్నివ్వాల్సిన వాళ్ళు ఒక్కర్నిచ్చారు. తర్వాత, ఒక్కరే ఉన్నారు కాబట్టి ఈ బడి పనికిరాదన్నారు. పశువుకి గడ్డెయ్యడం మానేసి, బక్కచిక్కింది అమ్మెయ్యండి అన్నట్టుంది.

మాస్టారు: ఒప్పుకుంటాను. కానీ ఇది మన ఊరి ఒక్కదాని బాధ కాదు. 2016–17 నాటికి దేశంలో లక్షా ఎనిమిది వేల పైచిలుకు బడులు ఒక్క టీచరుతోనే నడుస్తున్నాయని జాతీయ విద్యావిధానం పత్రంలోనే రాసుకున్నారు. అన్నింటికీ రెండో టీచరు రేపు పొద్దున్నే రాడు. వచ్చేలోగా ఏం చెయ్యాలన్నదే నా ప్రశ్న. ఉన్నదాన్ని పంచుకోవడం తప్ప దారేముంది?

తల్లి: పంచుకోవడం అన్నమాటకి నాకేం అభ్యంతరం లేదండీ. కిలోమీటరు అన్నమాట దగ్గరే వస్తుంది. మ్యాపులో చూస్తే మా బడికీ హైస్కూలుకీ కిలోమీటరు కూడా లేదు. మధ్యలో మురుగు డ్రెయినుంది. మ్యాపు దాన్ని ఎగిరి దాటేస్తుంది, పిల్ల దాటలేదు. వంతెన దాకా పైకెళ్ళి, అవతలి గట్టున మళ్ళీ కిందికి రావాలి. ఆ గట్టు రోడ్డు చేపల చెరువుల వాళ్ళది. పొద్దున ఎనిమిదింటికి పట్టుబడి ఉంటే ఐసు లారీలు, మేత లారీలు ఒకదాని వెనక ఒకటి. మా పేట ఆడవాళ్ళు తెల్లారకుండా ఆటో ఎక్కి నాట్లకో, రొయ్యలు వలిచే పనికో పోతారు. ఏడేళ్ళ పిల్ల తనే లేచి, తనే జడేసుకుని, చెల్లి చెయ్యి పట్టుకుని వెళ్ళాలి. బడి ఇంటి ముందుంటే వెళ్తుంది. లారీల గట్టు దాటి వెళ్ళమంటే మొదటి వారం వెళ్తుంది.

మాస్టారు: నేనో మాటంటాను, కోపం తెచ్చుకోకు. కిలోమీటరు దూరమని ధర్నా చేసిన ఊళ్ళోకే పొద్దున ఏడున్నరకి ప్రైవేటు స్కూలు పచ్చ బస్సు వస్తుంది. పన్నెండు కిలోమీటర్లు తిప్పి తాడేపల్లిగూడెమో భీమవరమో తీసుకుపోతుంది. ఎల్‌కేజీ పిల్లాడు సాయంత్రం అయిదున్నరకి ఆ బస్సులో నిద్రపోతూ దిగుతాడు. దానికి లేని దూరం మా హైస్కూలుకి వచ్చిందా?

తల్లి: ఆ బస్సు మా చిన్నవాడు కూడా ఎక్కాడండీ. ఒక్క ఏడాది.

మాస్టారు: నువ్వా? చైర్మన్‌వి అయ్యుండి?

తల్లి: ఆయ్, నేనే. దాచుకోను. ఎందుకెక్కించానో కూడా వినండి. 2022 జూన్‌లో 117 జీవో వచ్చింది. మూడు, నాలుగు, అయిదు తరగతులు తీసుకెళ్ళి కిలోమీటరు లోపు హైస్కూలులో కలపమన్నారు. అంతకు ముందేడాది రెండువందల యాభై మీటర్లన్నారు, అప్పుడు మేం తప్పించుకున్నాం. ఈసారి దొరికిపోయాం. మా పెద్దది మూడోతరగతి, డ్రెయిను అవతలకి పోవాలి. చిన్నవాడు ఒకటి, ఇక్కడే ఉండాలి. అప్పటిదాకా వాణ్ణి తీసుకెళ్ళేది, తీసుకొచ్చేది అక్కే. అక్క పోయింది. నేను పనికిపోతే వాణ్ణి ఎవరు చూస్తారు? బస్సు గుమ్మం ముందు ఆగుతుంది, ఆయా చెయ్యి పట్టుకుని ఎక్కిస్తుంది. అప్పు చేసి ఎక్కించాను. మా బడిలో అలాంటి వాళ్ళం ఏడుగురం. పిల్లలు తగ్గిపోయారని మీ రికార్డులో రాశారు చూడండి, ఆ తగ్గినవాళ్ళం మేమే. మమ్మల్ని తగ్గించింది మాత్రం రాయలేదు.

మాస్టారు: (కొంచెం ఆగి) ఆ జీవోని నేను సమర్థించను. దాంట్లో ఉన్న ఆలోచన మాత్రం చెడ్డది కాదు. మూడో తరగతి నుంచే సబ్జెక్టు టీచరు చెప్పాలన్నది మంచి మాటే. చేరాల్సిన మనిషి టీచరు. చేర్చింది పిల్లని. అక్కడ తిరగబడింది.

తల్లి: అదే నేనంటున్నది. ఆ కిలోమీటరు నడిస్తే టీచరు నడవాలి. వాళ్ళకి బండి ఉంది, జీతం ఉంది, ముప్ఫై ఏళ్ళ వయసుంది.

మాస్టారు: అయితే అసలు కాంప్లెక్సు అన్నది ఎందుకు పుట్టిందో విను. 1964–66లో కొఠారీ కమిషన్ చెప్పిన మాట అది. ఒక హైస్కూలు, దాని చుట్టూ ఉన్న చిన్న బడులు, అన్నీ ఒక కుటుంబం అనుకోండి అన్నారు. ఏ బడీ మూయక్కర్లేదు. పెద్ద బడిలో ఉన్న ల్యాబు, లైబ్రరీ, తెలిసిన మాస్టారు చిన్న బడులకి అక్కరకి రావాలి. 2020 విధానంలో మళ్ళీ అదే, అంగన్వాడీలని కూడా కలుపుకుని, అయిదు నుంచి పది కిలోమీటర్ల పరిధి అన్నారు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో 1948 నుంచే ఇలాంటిదొకటి నడుస్తోంది. పక్కపక్క స్కూలు జిల్లాలు ఎవరి బడి వాళ్ళే ఉంచుకుని, ఒక్కరికే భారమయ్యే చేతిపనుల చదువులు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల టీచర్లు, ఇలాంటివి ఉమ్మడిగా పెట్టుకుంటారు. కలిపేసుకోవడం వేరు, పంచుకోవడం వేరు. ఈ తేడా తెలియక మనం యాభై ఏళ్ళు పోగొట్టుకున్నాం.

తల్లి: న్యూయార్కు సంగతి నాకు తెలీదు కానీ మీ కాంప్లెక్సు సంగతి బాగా తెలుసండీ. నెలకోసారి మీటింగు. ఆ రోజు మా టీచరు మీ దగ్గరికొస్తారు, మా బడికి మధ్యాహ్నం తాళం. ఇక సర్దుబాటు అంటారు. హైస్కూల్లో ఎవరో మెటర్నిటీ లీవు పెట్టారు, మీ టీచర్ని రెండు నెలలు సర్దుబాటు మీద పంపండి అని కాగితం వస్తుంది. అటు నుంచి ఇటు ఏ కాగితమైనా వచ్చిందా ఎప్పుడైనా? మా మండల పరిషత్ బడికి మీ సైన్సు మాస్టారిని వారానికొక్క గంట పంపినట్టు నాకు గుర్తులేదు. మీ భాషలో పంచుకోవడం అంటే మా దగ్గర్నుంచి పట్టుకుపోవడం.

మాస్టారు: ఆ కాగితాల మీద సంతకం నాదే.

(ఇక్కడ కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆయన వాదనలన్నింటికన్నా ఈ ఒక్క వాక్యం తర్వాతే రాసేవాడికి ఆయన మీద గురి కుదిరింది.)

తల్లి: మిమ్మల్ని తప్పు పట్టాలని కాదండీ.

మాస్టారు: పట్టు, పరవాలేదు. పదో తరగతి రిజల్టు అడుగుతారు. ఒకటో తరగతి వాడికి చదవడం వచ్చిందా అని ఏ ఆఫీసరూ ఫోన్ చెయ్యడు. కాబట్టి ఎక్కడ అడుగుతారో అక్కడికి మనిషిని లాగుతాం. ఇంకోటి చెబుతాను. మా బీరువాలో ఒక మైక్రోస్కోపు ఉండేది. పధ్నాలుగు బడులకి కలిపి వాడాలని ఇచ్చారు. స్టాక్ రిజిస్టరులో దాని పేరు నేనే ఎక్కించాను. పసుపు గుడ్డలో చుట్టి పెట్టాం. ఏడాదికోసారి తనిఖీ వస్తే విప్పి చూపించి మళ్ళీ చుట్టేవాళ్ళం. ఒక్క బడికి కూడా వెళ్ళలేదు.

తల్లి: ఎందుకండీ? అడగలేదా ఎవరూ?

మాస్టారు: అడిగారు. మీ బడి టీచరే అడిగింది ఒకసారి, ఉల్లిపొర చూపిస్తానని. పోతే రికవరీ. పగిలితే రికవరీ. వస్తువు వాడలేదని ఎవరి జీతంలోనూ కోత పడలేదమ్మా ఇప్పటిదాకా. వాడి పగలగొట్టినవాడికే పడుతుంది. ఆ రూలుంటే ఎవడు పంచుకుంటాడు?

తల్లి: అందుకే నాకు నమ్మకం లేదంటాను. మీరు శివారు రైతు బిడ్డ కాదేమో, నేను శివారు దాన్ని. మా పొలానికి నీళ్ళు రావాలంటే పై ఊళ్ళన్నీ తడవాలి. దాళ్వా వచ్చిందంటే వంతులు పెడతారు. ఆఫీసులో కాగితం మీద మా వంతు ఉంటుంది. కాలవలో మాత్రం రాత్రి ఎవడో పైన అడ్డుకట్ట వేస్తాడు. మా నాన్న లాంతరు పట్టుకుని గట్టు మీద నడిచి వెళ్ళి అది తీసేవాడు. కాంప్లెక్సన్నా, క్లస్టరన్నా నాకు ఆ కాలవే గుర్తొస్తుంది. పెద్ద బడి మొదట్లో ఉంటుంది. మాది శివారు బడి.

మాస్టారు: మంచి పోలికే తెచ్చావు, దాన్నే ఇంకొంచెం ముందుకి నడుపుతాను. వంతు తీసెయ్యమని మీ నాన్న ఏనాడైనా అడిగాడా?

తల్లి: లేదు.

మాస్టారు: అడగడు. వంతు లేకపోతే శివారుకి చుక్క రాదని తెలుసు. వంతు తప్పినప్పుడు గట్టు మీదకి లాంతరు పట్టుకుని వెళ్ళే హక్కు ఆ వంతు కాగితమే ఇచ్చింది. బడికి కూడా నేనడిగేది అదే. సైన్సు మాస్టారు మంగళవారం మూడో పీరియడు మీ బడిలో అని కాగితం మీద ఉంటే, రాకపోతే నువ్వు వచ్చి నా గది ముందు నిలబడొచ్చు. ఏమీ లేనప్పుడు ఏమని నిలబడతావు?

తల్లి: అది బాగుంది. కానీ లాంతరు ఎప్పుడూ మా చేతిలోనే ఉండాలా అండీ?

మాస్టారు: (నవ్వి) ఇక మూర్తిరాజుగారి సంగతి చూడు. ఆయన ఇవన్నీ మాట్లాడకుండానే చేశారు. నిడమర్రు కేంద్రంగా బాపిరాజు ధర్మసంస్థ పెట్టి, సొంత భూములు ధారపోసి, ఈ చుట్టుపక్కల పదుల సంఖ్యలో బడులు పెట్టించారు. గణపవరం డిగ్రీ కాలేజీకి ఇప్పటికీ ఆయన పేరే. ఒక్కో ఊరికి విడిగా కాకుండా ప్రాంతం మొత్తాన్ని ఒక చూపుతో చూసిన మనిషి. ఎక్కడ హైస్కూలు పెడితే నాలుగూళ్ళ పిల్లలు నడిచి రాగలరో చూసి పెట్టారు. ప్రణాళిక అంటే అదే.

తల్లి: అదే మూర్తిరాజుగారి పేరు నేనూ చెప్పుకుంటానండీ. ఆయన బడిని ఊళ్ళకి పట్టుకొచ్చారు. ఊళ్ళని బడికి పట్టుకుపోలేదు. మా అత్తగారు ఆడపిల్లల్లో మొదటిదిగా చదివిందంటే, పొలిమేర దాటకుండా హైస్కూలు ఉండబట్టి.

మాస్టారు: హైస్కూలు ఊరికొకటి పెట్టలేదుగా ఆయన కూడా.

తల్లి: పదకొండేళ్ళ పిల్ల నడవొచ్చు. ఏడేళ్ళది నడవకూడదు. నేను గీసే గీత అక్కడే.

మాస్టారు: ఆ గీత నాకు సమ్మతమే. అయితే నీకు నచ్చని మాట ఒకటి ఉంది. మన ఊళ్ళలో ఒక్కో ఊరికి రెండు బడులుంటాయి. ఊళ్ళో ఒకటి, పేటలో ఒకటి. మధ్యలో రెండొందల గజాలు. డ్రెయిన్లు లేవు, లారీలు లేవు. ఊళ్ళో బడికి పదకొండు మంది, పేట బడికి పదహారు మంది. చెరో టీచరు. కలిపితే ఇద్దరు టీచర్లు, ఇరవై ఏడు మంది, సుఖంగా నడుస్తుంది. ఎందుకు కలపరు? దూరమా అది?

తల్లి: దూరం కాదండీ.

మాస్టారు: ఇక్కడ 'మా ఊరి బడి మాకే ఉండాలి' అన్నమాట ఎవరిని కాపాడుతోంది?

తల్లి: దాంట్లో నేను మీ వైపే. నేను పేట పిల్లని, నాకు తెలీదా? కలిపితే కలపండి, కానీ ఒక్కటి చూడండి. ఎప్పుడు కలిపినా మూసేది పేట బడినే. గది బాగున్నా, కొత్తగా స్లాబు వేసినా, మా పిల్లలే నడిచి వెళ్ళాలి. ఒక్కసారి ఊళ్ళో పిల్లల్ని పేట బడికి పంపమనండి. పంపుతారేమో చూద్దాం. పంపరు, పచ్చ బస్సు ఎక్కిస్తారు.

మాస్టారు: ఎక్కిస్తారు. దానికి నా దగ్గర జవాబు లేదు. జీవోల్లోనూ లేదు.

తల్లి: జిల్లాల గీతలు కూడా చూడండి. 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి. గణపవరం మండలాన్ని ఏలూరు జిల్లాలో వేశారు. వద్దు మొర్రో అంటే తర్వాత తెచ్చి భీమవరం వైపు, పశ్చిమ గోదావరిలో కలిపారు. పక్కనున్న నిడమర్రు ఏలూరులోనే ఉంది. మా చెల్లెలి ఊరు నిడమర్రు మండలం. వాళ్ళ పిల్లలకి దగ్గర హైస్కూలు గణపవరం వైపుది. రోజూ బజారుకి, ఆసుపత్రికి గణపవరమే వస్తారు. కానీ ఆ బడి టీచరు ఈ బడికి సాయం రావాలంటే ఇద్దరు డీఈవోలు, ఇద్దరు కలెక్టర్లు. ప్రాంతం అంతా ఒకటనుకుని ప్రణాళిక వెయ్యాలంటున్నారు. ఏ ప్రాంతమండీ? సంత చెప్పే ప్రాంతమా, కలెక్టరాఫీసు చెప్పే ప్రాంతమా?

మాస్టారు: సంత చెప్పేదే నిజం. దాని మీద సంతకం పెట్టే అధికారి లేడు, అంతే.

తల్లి: వర్షాకాలం మాట కూడా ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ మునిగింది, పేపర్లన్నీ రాశాయి. ఆ నీళ్ళు తర్వాత ఎక్కడికొచ్చాయి? కొల్లేటిలోకే. చినయడ్లగాడి దగ్గర ఏలూరు–కైకలూరు రోడ్డు మీంచి పారాయి. లంక ఊళ్ళలో పడవలు వేసుకుని తిరిగారు. ఉప్పుటేరు లాగేదాకా ఆ నీరు కదలదు. ఆ రోజుల్లో మీ మంగళవారం మూడో పీరియడు ఏమవుతుంది? ఊళ్ళో బడి ఉంటే ఊళ్ళో టీచరు లేకపోయినా, ఇంటర్ చదివిన పిల్లెవరో కూర్చోబెట్టి చదివిస్తుంది. బడి లేకపోతే అదీ లేదు.

మాస్టారు: లంకలకి వేరే లెక్క ఉండాలి. అక్కడ పదిమంది పిల్లలున్నా బడి ఉండాల్సిందే, ఇద్దరు టీచర్లతోనే. నేను దాని మీద వాదించను. చైనా వాళ్ళు 2001లో పల్లె బడులు కలపడం మొదలుపెట్టి, పిల్లలు దూరాభారం పడుతున్నారని 2012లో ఆపుకున్నారు. అంత పెద్ద దేశం చేసి చూసి వెనక్కి తగ్గిన పనిని మనం కొత్తగా కనిపెట్టక్కర్లేదు. కానీ గణపవరం నుంచి తాడేపల్లిగూడెం రోడ్డు పొడుగునా ఉన్న ఊళ్ళు లంకలు కావు. అక్కడ తొమ్మిది మంది పిల్లల కోసం ఒక టీచర్ని రోజంతా కూర్చోబెట్టి, పక్కూళ్ళో నలభై మందిని ఒక్కరి మీద వదిలేస్తే అది కూడా అన్యాయమే. ఆ నలభై మందికీ తల్లులున్నారు.

తల్లి: ఉన్నారు. ఆ మాటకి నేను అడ్డం చెప్పను. మా చెల్లెలి పిల్లలు ఆ నలభైలోనే ఉన్నారు.

మాస్టారు: 2025లో 117 జీవో తీసేశారు. కొత్త పద్ధతిలో తరగతికో టీచరుండే మోడల్ ప్రైమరీ స్కూళ్ళు పెట్టారు. నీకు కావలసింది అదే కదా?

తల్లి: మోడల్ పక్కూరికి వచ్చిందండీ. మాది బేసిక్ అయింది. పేరులోనే తెలిసిపోతోంది కదా. మా పెద్దదాన్ని మూడోతరగతిలో హైస్కూలుకి తోలారు. చిన్నవాణ్ణి బస్సు మాన్పించి మళ్ళీ మా బడిలో వేశాను, తర్వాత జీవో మారింది. మూడేళ్ళలో రెండు పద్ధతులు. ఇంకో రెండేళ్ళు పోతే ఏమొస్తుందో. చేపపిల్లల్ని కూడా ఒక చెరువులోంచి ఇంకో చెరువులోకి మార్చేటప్పుడు నీళ్ళు అలవాటు చేసి వదులుతారు మాస్టారూ.

మాస్టారు: మోడల్ స్కూల్లో అయిదుగురు టీచర్లుంటారు. వారానికి రెండు పూటలు ఒకరు మీ బేసిక్ బడికి రావచ్చు. అక్కడి లైబ్రరీ పెట్టె నెలకోసారి మీ బడికి మారొచ్చు. ఆటల మాస్టారు శనివారం మీ పిల్లల్ని కూడా కలుపుకోవచ్చు. అప్పుడప్పుడూ మీ పిల్లలే అక్కడికి ఆటో కట్టించుకుని రావొచ్చు. రోజూ కాదు, నెలకోసారి, మైక్రోస్కోపు చూడ్డానికి.

తల్లి: మైక్రోస్కోపునే మా బడికి పంపకూడదా? పంతొమ్మిది మందిని ఆటోల్లో మొయ్యడం తేలికా, ఒక పెట్టె మొయ్యడం తేలికా?

మాస్టారు: అదీ నిజమే.

తల్లి: దారిలో పగిలితే ఎవరి జీతంలో కోస్తారండీ?

మాస్టారు: ఇప్పుడున్న పద్ధతిలోనైతే సంతకం పెట్టి తీసుకున్న టీచరు జీతంలో.

తల్లి: అయితే ఆవిడ తీసుకోదు.

మాస్టారు: తీసుకోదు. ఆవిడ చోట నేనున్నా తీసుకోను.

తల్లి: మరి?

మాస్టారు: మీ కమిటీ సంతకం పెడుతుందా?

తల్లి: ఎంతుంటుందండీ దాని ఖరీదు?